నీడ లేని అక్షరాలు

వంతెనను ఎత్తుకుపోయిన వరద నుంచి లెక్కేస్తే అది మూడో ఏడు. ఆ వరద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పెయింటరు తన కొట్టు గోడమీద నీలం గీత గీసి పెట్టాడు. గీత అతని భుజం దాకా ఉంటుంది. ఆ నీళ్ళే విమానాలు దిగే మైదానం చివరి షెడ్డులో దూరి, అతని బావ నడిపే, పొలాలకు మందు చల్లే విమానాన్ని వెల్లకిలా తిరగేసి పోయాయి. అప్పటినుంచి బావ నేలమీదే ఉన్నాడు. నేలమీద ఉండడం ఆయనకు చేతకాని పని. గుమ్మాలకు తల కొట్టుకునేవాడు, కూరగాయలకు పంపిస్తే సంచీ అక్కడే మరిచిపోయి వచ్చేవాడు. చివరికి బావా బావమరుదులిద్దరూ ఉన్నదంతా ఊడ్చి ఒక పాత విమానం కొన్నారు.

సీట్లు రెండే, ఒకదాని వెనక ఒకటి; నడిపే కర్ర రెండింటికీ ఉంది. రెక్కలకు రేకు కాదు, గుడ్డ. వేలితో తడితే డప్పులా మోగుతుంది. ఒళ్ళంతా బూడిదరంగు.

విమానం వచ్చింది గాని దాని కాగితం రాలేదు. ఇది ఫలానా వాళ్ళదని, ఫలానా అక్షరాలు దీని పేరని ముద్ర వేసి ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం అది. అది చేతికొచ్చేదాకా చక్రం నేలను వదలకూడదు. బావ దగ్గర ఇంకో కాగితం ఉంది. ఒంట్లో సత్తువా కంట్లో చూపూ ఉన్నాయని డాక్టరు రాసిచ్చింది. దాని గడువు నెలాఖరు. ఇదే ఆఖరుసారి, ఇంక రాయనని డాక్టరు ముఖంమీదే చెప్పేశాడు. మొదటి కాగితం వచ్చేలోగా రెండోదాని గడువు తీరితే, బావ తన సొంత విమానాన్ని ఒక్కసారి కూడా నడపకుండానే ముసలివాడైపోతాడు.

ఇన్‌స్పెక్టరు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి వచ్చింది ఒక సోమవారం పొద్దున. చేతిలో టేపు, చంకలో ఫైలు. విమానం చుట్టూ ఒకసారి తిరిగి పక్కభాగం దగ్గర ఆగాడు. ఆఫీసు వాళ్ళు కేటాయించిన ఐదు అక్షరాలూ అక్కడ పెయింటరు రాసి ఉంచాడు. ఏ మాటా కాని ఐదు అక్షరాలు. వాటిని అతను మూడు రోజులు రాశాడు. తెల్లటి అక్షరం, కొసల్లో చిన్న వంపు, కుడిపక్కనా కిందా నల్లటి నీడ. గజం దూరంనుంచి చూస్తే అక్షరాలు గుడ్డమీద ఉన్నట్టు కాదు, గుడ్డలోంచి లేచి నిలబడ్డట్టు ఉన్నాయి.

"ఎవరండీ రాసింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా బావమరిది!" అన్నాడు బావ, తనే రాసినంత గొప్పగా. "ఈ చుట్టుపక్కల ఏ బోర్డయినా చూడండి, వీడి చెయ్యే."

"బాగుంది. మిఠాయి కొట్టుకైతే అదిరిపోతుంది." ఇన్‌స్పెక్టరు టేపు చుట్టేశాడు. "నీడ ఉండకూడదు. వంపులుండకూడదు. గీత మందం అంతా ఒకటే ఉండాలి. ఉత్త అక్షరం. తీసేసి మళ్ళీ రాయించి, ఫొటో పంపండి. అప్పుడు చూద్దాం."

పెయింటరు ఏమీ అనడని అందరికీ తెలుసు. నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరు చూసి చెప్పాల్సిందే అని వాళ్ళక్క అంటుంది. చేతిలో ఉన్న గుడ్డపీలికను నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు.

మర్నాడు నీడ తీశాడు. రేకైతే గీకి పారెయ్యొచ్చు. గుడ్డమీద గీకితే చిరుగు. నీళ్ళలో తడిపిన గరుకు కాగితాన్ని రెండువేళ్ళ మధ్య పట్టుకుని, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుచుకుంటూ వచ్చాడు. సుద్దతాడు కొట్టి గీతలు వేసుకున్నాడు. చెయ్యి ఆన్చే కర్రను ఎడమచేత్తో పట్టి, దానిమీద కుడి మణికట్టు ఉంచి, ఊపిరి బిగబట్టి ఒక్కో గీతా లాగాడు. బావ షెడ్డు గుమ్మంలో నూనెడబ్బా బోర్లించుకుని కూర్చుని పొద్దంతా చూస్తూనే ఉన్నాడు. కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఐదో అక్షరం పూర్తయి పెయింటరు బ్రష్షు టర్పెంటైనులో ముంచాక, "ఏరా, రాయడం ఎప్పుడు మొదలెడతావ్?" అన్నాడు.

పెయింటరు తిరిగి చూశాడు.

"ఆఁ ఆఁ, కనబడుతోందిలే," అన్నాడు బావ గబగబా.

ఎగతాళి అనుకున్నాడు పెయింటరు. అంత బోడిగా ఉన్నదాన్ని రాత అంటారా అని బావ ఏడిపిస్తున్నాడనుకున్నాడు. నిజానికి అతనికీ అలాగే అనిపించింది. నగలన్నీ ఒలిచేసుకుని నిలబడ్డ మనిషిలా ఉంది విమానం.

ఫొటో తీయించి పంపారు. ఇంక ఎదురుచూపు మొదలయింది.

పొద్దున్నే ఇద్దరూ షెడ్డుకు వెళ్ళేవాళ్ళు. ఇంజను పట్టేయకుండా ముందరి పంకాను చేత్తో పన్నెండు చుట్లు తిప్పేవాళ్ళు. చక్రాలలో గాలి చూసేవాళ్ళు. రెక్కల సందుల్లో పిచ్చుకలు తెచ్చిపెట్టిన గడ్డిపరకలు ఏరేసేవాళ్ళు. పోస్టుమాను వచ్చే వేళకు బావ మాత్రం ఇంటిదగ్గర గేటు పట్టుకుని ఉండాల్సిందే. ఎండైనా ముసురైనా సరే, వేరే ఎవర్నీ గేటు దగ్గరకు పోనిచ్చేవాడు కాదు. కాసేపటికి చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి వచ్చి, "రాలేదు," అనేవాడు.

"ఎట్లా వస్తుంది?" అనేది అక్క. "ఉత్త అక్షరం రాయరా అంటే, పెళ్ళికూతుర్ని చేసినట్టు సింగారించి పెట్టాడు! ఆ నీడ లేకపోతే ఈపాటికి ఆయన నాలుగు చుట్లు చుట్టి వచ్చేవారు. ఒరేయ్ తమ్ముడూ, నిన్నేరా. వింటున్నావా?"

పెయింటరు కంచంలోకి చూసేవాడు.

"పోనీలేవే," అనేవాడు బావ. అంతకంటే ఏమీ అనేవాడు కాదు.

అక్క కోపం వెనక ఏముందో పెయింటరుకు తెలుసు. ఆ రోజుల్లో బావ పని ముగించుకుని తిరిగొచ్చేటప్పుడు ఇంటిమీదుగా వచ్చి ఎడమరెక్క ఒకసారి వంచేవాడు. అక్క పెరట్లోంచి అది చూసి పొయ్యిమీద ఎసరు పెట్టేది. విమానం దిగి, బావ కాళ్ళూ చేతులూ కడుక్కునే వేళకు అన్నం ఉడికేది. మూడేళ్ళుగా ఆవిడ గడియారం చూసి ఎసరు పెడుతోంది. గడియారం చూసి వండితే అన్నం ఎప్పుడూ పలుకో ముద్దో అవుతోందని విసుక్కుంటుంది.

నెలాఖరుకు ఇంక వారం ఉందనగా ఒక ఉదయం అక్క ఏమీ తిట్టలేదు. బావ ఫ్లయింగ్ చొక్కాను పెట్టెలోంచి తీసి, దులిపి, కాసేపు చేతిలో ఉంచుకుని, మళ్ళీ పెట్టెలోనే పెట్టేసింది. తిట్లు పెయింటరుకు అలవాటే. ఇది మాత్రం అతను తట్టుకోలేకపోయాడు. చెప్పులేసుకున్నాడు. ఎక్కడికని అడిగితే, "పని," అన్నాడు. బస్సెక్కాడు.

ఆఫీసులో కౌంటరు వెనక నెరిసిన జుట్టు గుమస్తా ఒకావిడ ఉంది. ఆవిడ ముందు వరసలో నిలబడ్డంతసేపూ పెయింటరు అనబోయే మాటలు లోపల కూడబలుక్కున్నాడు. తన వంతు వచ్చేసరికి అవన్నీ కలగాపులగం అయిపోయాయి.

"తప్పు నాదండీ," అన్నాడు. "నీడ నేనే వేశాను. ఆయనకేం తెలియదు. తీసేశాను కూడా. మా బావకి గడువు నెలాఖరే. శిక్షేదైనా ఉంటే నాకు వెయ్యండి, కాగితం మాత్రం ఇచ్చెయ్యండి."

గుమస్తా కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "కూర్చోండి ముందు. ఏ విమానం?"

అతను ఐదు అక్షరాలూ బల్లమీద వేలితో రాసి చూపించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చి తిరగేసింది.

"ఇదుగో మీ ఫొటో. వచ్చిన రోజే సరిపోయిందని రాశారు. అక్షరాలతో ఇప్పుడు పేచీ ఏం లేదు."

"మరి?"

"అమ్మినాయన సంతకం ఉన్న అసలు కాగితం మీరింకా పంపలేదు కదా? నకలే ఉంది ఇందులో. అసలుది పంపమని ఉత్తరం రాశాం. జవాబు రాకపోతే ఇంకోటి రాశాం." ఆవిడ వేలుపెట్టి రెండు తేదీలు చూపించింది. "అందలేదా?"

పెయింటరు ఆ తేదీలకేసి చూశాడు. గేటు దగ్గర బావ, వెనక్కి పెట్టుకున్న చేతులు, 'రాలేదు' అనే మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"అందినట్టున్నాయి," అన్నాడు మెల్లగా.

"అయితే తెచ్చివ్వండి. ముద్ర వెయ్యడానికి రెండు రోజులు చాలు." అంటూ ఫైలు మూయబోతూ ఆవిడ మళ్ళీ తెరిచింది. పాత ఫొటో, నీడ ఉన్నది, ఇంకా అందులోనే ఉంది. "ఇది మీరే రాశారా? చేత్తోనే? అయ్యో, ఎంత బాగుందండీ! ఏం చేస్తాం, బయట రాసేదంతా రూలు ప్రకారం ఉండాలి."

పెయింటరు లేచి రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"లోపలో?"

"లోపలా?" ఆవిడ నవ్వింది. "లోపల మీ ఇష్టం. మీ ఇల్లు."

అతను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఎండ షెడ్డులో సగందాకా వచ్చి ఉంది. బావ విమానం ముందు సీట్లో ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి నడిపే కర్రమీద ఉంది, ఎడమచెయ్యి ఏదో మీటను కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతోంది. కాళ్ళు కింద మెల్లగా కదులుతున్నాయి. ఇంజను చప్పుడు కూడా నోటితోనే చేస్తున్నాడు. ఆ చప్పుడు తగ్గింది, ఇంకా తగ్గింది, పెదాల దగ్గర చిన్న గాలిగా మిగిలి, ఆగిపోయింది. దిగాడన్నమాట.

"కాగితం," అన్నాడు పెయింటరు.

బావ కళ్ళు తెరిచాడు. బావమరిది చెప్పులకున్న దుమ్ము చూశాడు, చొక్కా జేబులో బస్సు టికెట్టు చూశాడు. ఏ కాగితమని అడగలేదు. సీటు కింద మెత్త ఎత్తి మూడు కవర్లు తీశాడు. రెండు ఆఫీసువి. మూడోది అమ్మినాయన సంతకం ఉన్న అసలు కాగితం.

"ఎన్నాళ్ళబట్టి అడగాలనుకుంటున్నావు?"

"ఇవాళే తెలిసింది."

బావ కవర్లను మోకాలిమీద దొంతరగా సర్దాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దాడు.

"నువ్వు నీడ వేసి రాసినప్పుడు, అదుగో ఆ గుమ్మందగ్గర నుంచుంటే ఐదూ చదివేవాణ్ణి. తప్పుపోకుండా. నా కళ్ళకేం, గద్ద కళ్ళు అనుకున్నాను. నీడ తీసేసిన రోజున అక్కడే కూర్చున్నాను కదా. పొద్దంతా నీ చెయ్యి కదలడం కనిపిస్తోంది గాని రాత కనబడదేం? తెల్లటి మరక. అలుక్కుపోయింది. అప్పుడు తెలిసింది, నేను చదివింది అక్షరాల్ని కాదు, నీ నీడని." నవ్వబోయాడు. "డాక్టరు కూడా తన గోడమీది అక్షరాలకు నీడ వేసి ఉంటే ఇంకో పదేళ్ళు పాసయ్యేవాణ్ణి."

పెయింటరు నవ్వలేదు.

"గుమ్మంలోంచి గజమంత అక్షరం కనబడనివాడికి పైనుంచి నేల ఎక్కడుందో ఏం తెలుస్తుందిరా? పోనీ ఎగరనని చెప్దామంటే, నీ కొట్టు, మీ అక్క గాజులు, అన్నీ దీన్లోనే ఉన్నాయాయె. కాగితం వస్తే ఎగరాలి. ఎగిరితే దిగాలి. దిగితే అయిపోయింది. రాకుండా ఉందనుకో, ఇంకా ఉన్నట్టే కదా. రోజూ ఇలా కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక చుట్టు చుట్టొచ్చేవాణ్ణి. మూసుకుంటే బాగా కనబడుతుంది." ఆగాడు. "నిన్ను మీ అక్క చేత అన్ని తిట్లు తిట్టించాను. పోనీలేవే అన్నానే గాని, నా తప్పే అనలేదు."

పెయింటరు విమానానికి ఆనుకున్నాడు. అతనికి కోపం వచ్చింది. ఇన్నాళ్ళుగా అతనికి అన్నం సహించలేదు. బ్రష్షు పట్టుకుంటే తన చెయ్యే తనకు శత్రువులా కనిపించింది. అయినా ఆ పెద్దాయన నోటితో ఇంజను ఆపిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. కోపం ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"నేను నిచ్చెన ఎక్కి ఏడాదయింది," అన్నాడు.

"ఏంటీ?"

"మోకాళ్ళు. ఎత్తు బోర్డులకి నా దగ్గర పని నేర్చుకున్నవాడే ఎక్కుతున్నాడు. నేను కింద నిచ్చెన పట్టుకుంటాను. గీత వంకరపోతే కిందనుంచి చెబుతాను. బోర్డు మాత్రం నాదే."

బావ అతనివైపు వింతగా చూశాడు. "ఒరేయ్, ఒక్క గుక్కలో అన్ని మాటలే! నీళ్ళు తాగు."

"టీచరమ్మని అడుగు. ముందు కూర్చోమను."

టీచరమ్మ అంటే మైదానంలో విమానం నడపడం నేర్పే ఆవిడ. ఆవిడకు నేర్పింది బావే.

"నా దగ్గర చెవి మెలేయించుకున్న పిల్ల వెనకాల నేను బస్తాలా కూర్చోవాలా?"

"నేను నిచ్చెన పట్టుకోట్లా?" అంటూ పెయింటరు చెయ్యి చాపాడు. కొంచెంసేపు ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. తర్వాత బావ మూడో కవరు అందులో పెట్టాడు.

"మీ అక్కకి?"

"నువ్వే చెప్పు."

చెప్పాడు. భోజనాల దగ్గర, తల ఎత్తకుండా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నది.

"కళ్ళ సంగతి నాకు తెలుసు," అంది. "దండెంమీద నా జాకెట్టు తీసి మీ చొక్కా అనుకుని చెయ్యి దూర్చినప్పుడే తెలుసు. మీ అంతట మీరు చెబుతారని ఊరుకున్నాను. ఆ ఉత్తరాల సంగతే తెలీదు." మొగుడికేసి చూసిన చూపుకు ఆయన కంచం కాస్త దగ్గరికి లాక్కున్నాడు. అడక్కుండానే తమ్ముడి కంచంలో ఇంకో రెండు గరిటెలు వేసింది. చాలనబోతే, "తిను," అంది.

పెయింటరు మర్నాడే కవరు కౌంటరులో ఇచ్చి వచ్చాడు. నెలాఖరు రోజున పొద్దున్నే పోస్టుమాను వచ్చాడు. గేటు దగ్గర ముగ్గురూ ఉన్నారు.

టీచరమ్మ జడ ముడేసుకుని, అద్దాలు నుదుటిమీద పెట్టుకుని షెడ్డు దగ్గర సిద్ధంగా ఉంది. బావ ఫ్లయింగ్ చొక్కా తొడుక్కుని వచ్చాడు. చొక్కా కాస్త వదులైంది. అక్క రానంది. "నా చోటు పెరడు," అని ఇంట్లోనే ఉండిపోయింది.

విమానాన్ని ముగ్గురూ కలిసి బయటికి తోశారు. టీచరమ్మ ముందు సీటు మెత్తను తట్టి, "మాస్టారూ, ఇవాళ ఒక్కరోజు మీ గడువుంది," అంది. "ముందు మీరే కూర్చోండి. నేను వెనక ఉంటాను. నా ముందు మీరు మొహమాటపడాలా?"

బావ రెక్కమీద చెయ్యి వేసి నుంచున్నాడు. పెయింటరు కర్రలా బిగుసుకుపోయాడు. ఆ సీటు అక్కడే ఉంది, గడువూ ఉంది, కాగితం వచ్చింది. అడ్డు చెప్పేవాడెవడూ లేడు.

బావ మైదానం చివరకు చూశాడు. అక్కడ గాలివాటం తెలిపేందుకు గెడకు కట్టిన గాలిగుడ్డ ఉంది. కళ్ళు చికిలించాడు. తల ఒకపక్కకు వంచి మళ్ళీ చూశాడు.

"ఒరేయ్," అన్నాడు మెల్లగా, "గాలిగుడ్డ ఎటు ఊగుతోంది?"

"మనవైపే," అన్నాడు పెయింటరు.

"ఊఁ." బావ రెక్కమీద నుంచి చెయ్యి తీశాడు. "పిల్లా, ముందు నువ్వు కూర్చో. తిన్నగా నడుపు, లేకపోతే వెనకనుంచి చెవి అందుతుంది నాకు."

విమానం పరుగెత్తింది. తెల్లటి ఐదు అక్షరాలూ పెయింటరు ముందునుంచి దూసుకుపోయాయి. బోడి అక్షరాలు. తోక లేచింది, చక్రాలు లేచాయి. నేలమీద దాని నీడ మాత్రం కాసేపు పరుగెత్తి, చిన్నదై, కంచె దాటిపోయింది. అతను కదలకుండా నిలబడి చూశాడు. ఊరి కొసన తమ ఇల్లున్న చోట అది ఒకసారి చుట్టు తిరిగింది. ముందు సీట్లో ఉన్నావిడకు ఆ ఇల్లేదో తెలియదు. ఎడమరెక్క వంగింది. కొంచెం ఎక్కువే వంగింది, మొరటుగా వంగింది. ఆ మొరటు చెయ్యి ఎవరిదో పెయింటరుకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

దిగాక బావ కాసేపు సీట్లోంచి లేవలేదు. ముఖమంతా గాలికి ఎర్రబడి, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"ఎలా ఉంది?" అన్నాడు పెయింటరు.

"ఏముందిరా, దాని జడముడి, ముందు సీటు వీపుకు కొట్టిన చెక్క, ఆ రెండే కనబడ్డాయి. ఆ చెక్క చూడు, ఎంత బోడిగా ఉందో." చొక్కాచేతితో ముక్కు తుడుచుకున్నాడు. "పద పద, మీ అక్క ఎసరు పెట్టుంటుంది."

పెట్టింది. ఆ పూట అన్నం పలుకూ కాలేదు, ముద్దా కాలేదు.

మర్నాడు పొద్దున్నే, బావ ఇంకా లేవకముందే, పెయింటరు షెడ్డు తలుపు తీశాడు. మోకాళ్ళు మూలుగుతున్నా రెక్క కిందనుంచి పాక్కుంటూ వెనక సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న చెక్కను గుడ్డతో తుడిచాడు, సుద్దతాడు కొట్టాడు. చెయ్యి ఆన్చే కర్ర పట్టి ఊపిరి బిగబట్టి, బావ మోచేతి దూరంలో చదివేటట్టు ఐదు అక్షరాలూ తెల్లగా రాశాడు. కొసల్లో వంపులు పెట్టాడు. ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నల్లరంగు డబ్బా మూత తీశాడు.